శుక్రవారం సంత, శుక్రవారం పట్టిక

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, సెమిలిగుడ దగ్గర కుందులి అనే ఊరుంది. శుక్రవారం అక్కడ సంత. కొండపల్లెల నుంచి తెల్లవారుజామునే అల్లం, పసుపు, చిక్కుళ్లు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు దిగుతాయి. సాలూరు ఘాటీ ఎక్కి వచ్చిన తెలుగు వ్యాపారులు ఆ సరికే గోనెలు పరుచుకొని కూర్చుంటారు. పొద్దెక్కేసరికి కువీ, దేశియా, ఒడియా, తెలుగు కలగలిసిన బేరాలు సాగుతుంటాయి. ఆ ప్రాంతంలో నేను చాలా ఏళ్లు బడిపంతులుగా పనిచేశాను. ఉద్యోగ విరమణ తరవాత రాయగడలో స్థిరపడ్డాను. ఇప్పటికీ శుక్రవారం అనగానే నాకు ముందుగా ఆ సంతే గుర్తుకు వస్తుంది.

దాని వెంటే మరొకటి గుర్తుకు వస్తుంది. పార్లమెంటు సమావేశాలు జరిగే కాలంలో, వారంలో చివరి పనిదినాన, అంటే సాధారణంగా శుక్రవారం నాడు, లోక్‌సభలో ప్రశ్నోత్తరాల సమయం ముగిసి కాగితాలు సభ ముందు ఉంచే పని పూర్తయ్యాక, పార్లమెంటరీ వ్యవహారాల శాఖ తరఫున ఒక మంత్రి లేచి వచ్చే వారం సభలో ప్రభుత్వం చేపట్టబోయే పనుల పట్టికను చదువుతారు. ఏ బిల్లులు చర్చకు వస్తాయి, ఏ శాఖల పద్దులు ఓటింగుకు వస్తాయి అన్నది అందులో ఉంటుంది. చదవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. మరుసటి రోజు పత్రికలలో దాని ఊసు దాదాపు ఉండదు. అయినా గత పదేళ్లుగా నేను ఆ పట్టికను వదలకుండా చూస్తున్నాను. ఒడిశా సరిహద్దు జిల్లాలలో ఉండే తెలుగువాళ్ల బతుకులను, మాతోపాటు ఈ కొండలలో ఉండే ఆదివాసుల బతుకులను, భువనేశ్వర్ శాసనసభ చర్చలకన్నా ఆ చిన్న పట్టిక ఎక్కువగా మలుస్తున్నదని నాకు అనుభవం మీద తెలిసింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

రాష్ట్రానికి శాసనసభ ఉంది, ప్రభుత్వం ఉంది, బడ్జెట్టు ఉంది. బడి, ఆసుపత్రి, భూమి శిస్తు, పోలీసు ఠాణా అన్నీ రాష్ట్రం చేతిలోవే. కానీ రాష్ట్రం నడిబొడ్డున ఉండే కటక్ మనిషికి ఎప్పుడోగాని ఎదురుకాని కొన్ని ప్రశ్నలు సరిహద్దు మనిషికి నిత్యం ఎదురవుతాయి. నా ఊరు ఏ రాష్ట్రంలో ఉంది? నా కులం పేరు ఏ జాబితాలో ఉంది? నా ఊరి మీదుగా పోయే రైలు ఏ జోను కిందికి వస్తుంది? నా పొలం పక్కన పారే ఏటి నీళ్లలో నా వాటా ఎంత? ఈ నాలుగింటిలో ఒక్కదాన్ని కూడా శాసనసభ తేల్చలేదు. రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుది. షెడ్యూల్డు తెగల జాబితాలో పేరు చేర్చాలన్నా తీసివేయాలన్నా 342వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. రాష్ట్రం సిఫారసు మాత్రమే చేయగలదు. రైల్వేలు కేంద్ర జాబితాలోనివి. రెండు రాష్ట్రాల మీదుగా పారే నదుల నియంత్రణ కూడా పార్లమెంటు చట్టానికి లోబడినదే. ఆఖరికి రాష్ట్రం తన పేరును తాను మార్చుకోవడానికీ వీలు లేదు. ఒరిస్సా పేరును ఒడిశాగా మార్చాలని శాసనసభ 2008లో తీర్మానించింది. ఆ బిల్లు లోక్‌సభ దాటినది 2010 నవంబరు 9న, రాజ్యసభ దాటినది 2011 మార్చి 24న. ఆ సంవత్సరం నవంబరు 1 నుంచి గాని మా బడి బోర్డు మీద కొత్త పేరు రాసే అధికారం మాకు రాలేదు.

పేరు విషయంలో మూడేళ్ల నిరీక్షణ వల్ల ఎవరికీ నష్టం కలగలేదు. జాబితా విషయం అలాంటిది కాదు. దాని గురించి కొంచెం వివరంగా రాయాలి.

ముకదొరలు, నూకదొరలు అని పిలిచే తెగవారు అవిభక్త కోరాపుట్ జిల్లాలో, అంటే ఇప్పటి కోరాపుట్, నవరంగపూర్, రాయగడ, మల్కనగిరి జిల్లాలలో ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అదే తెగవారు అటు విజయనగరం, విశాఖ మన్యాలలోనూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఆ పేరు ఎప్పటినుంచో ఉంది. ఒడిశా జాబితాలో లేదు. నా దగ్గర చదువుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు ఈ తెగ పిల్లలు. పెద్దపిల్ల బాగా చదివేది. నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టవలసి వచ్చినప్పుడు కులధ్రువీకరణ పత్రం కోసం వాళ్ల నాన్న తహసీలు కార్యాలయం చుట్టూ ఒక వేసవంతా తిరిగాడు. అర్జీలు నేనే రాసిపెట్టాను. ఆఖరిసారి వెళ్లినప్పుడు అక్కడి గుమస్తా ఒక పాత అచ్చుపుస్తకం తీసి, తెగల పేర్లున్న పేజీ మా ముందుకు తిప్పి, వేలు పెట్టి పైనుంచి కిందికి వరసగా చూపించాడు. ఆ పేరు లేదు. ఆయన విసుక్కోలేదు, మర్యాదగానే చెప్పాడు; ఆయన చేతిలో ఉన్నదీ ఏమీ లేదు. బయటికి వచ్చాక ఆ తండ్రి నన్ను అడిగిన మాట ఇది: "మా బావమరిది పిల్లలకి సాలూరులో కాగితం ఇచ్చేసినారు మాస్టారూ. కొండ ఇవతల పుడితే మేము వేరే మనుషులమైపోతామా?"

ఆ పిల్లకు సీటు రాలేదు. మరుసటి ఏడు పెళ్లి చేశారు.

2024 ఫిబ్రవరి 6న, మంగళవారం నాడు, రాజ్యసభ రెండు బిల్లులను ఆమోదించింది. ఒకటి ఆంధ్రప్రదేశ్ తెగల జాబితాను సవరించేది, మరొకటి ఒడిశాది. ఫిబ్రవరి 8న, గురువారం నాడు, లోక్‌సభ కూడా వాటిని ఆమోదించింది. ఒడిశా బిల్లులో ముకదొర, మూకదొర, నుకదొర, నూకదొర అనే పేర్లు అవిభక్త కోరాపుట్ జిల్లాకు చేర్చారు; తెలుగే మాతృభాషగా ఉన్న కొండరెడ్ల పేరు కూడా చేరింది. పౌడీ భూయాన్, చుక్తియా భుంజియా వంటి మిక్కిలి వెనకబడిన తెగల పేర్లు కూడా అదే చట్టంతో జాబితాలోకి వచ్చాయి. చెల్లెలికి ఆ సంవత్సరంలోనే ధ్రువపత్రం వచ్చింది. అది పట్టుకొని వాళ్ల నాన్న రాయగడ దాకా వచ్చి నాకు చూపించాడు. పాలిథిన్ సంచిలో, దాని మీద మళ్లీ తువ్వాలు చుట్టి తెచ్చాడు. సంతోషంతో నా చేతులు వణికిన మాట నిజం. కానీ ఆ కాగితాన్ని చూస్తున్నంతసేపూ పెద్దపిల్లే నా కళ్ల ముందు మెదిలింది. ఆ ఇద్దరికీ మధ్య తేడా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఎన్నో సమావేశాలు జరిగాయి, ఎన్నో శుక్రవారాలు పట్టిక చదివారు. ఆ పట్టికలో ఈ బిల్లు పేరు ఏ వారం చేరుతుందన్న ఒక్క విషయం మీద రెండు జీవితాలు రెండు దారులు పట్టాయి.

ఇక్కడ ఆలస్యం వల్ల నష్టపోయాం. తొందర వల్ల నష్టపోయిన సందర్భమూ ఉంది. అది కూడా మన కళ్ల ముందే, 2014లో జరిగింది.

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న, మంగళవారం, రాజ్యసభలో ఫిబ్రవరి 20న, గురువారం ఆమోదం పొందింది. అప్పటికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును తిరస్కరిస్తూ జనవరి 30న తీర్మానం చేసి ఉంది. రాజ్యాంగం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలే గాని, దానికి పార్లమెంటు కట్టుబడనక్కర లేదు. రాష్ట్ర విభజన మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ చేయబోవడం లేదు. దాని తరవాత జరిగిన, ఒడిశా వైపు నుంచి చూసినవారికే బాగా కనిపించే మరొక సంగతి చెబుతాను. కొత్త రాష్ట్రాలు పుట్టవలసిన జూన్ 2కు నాలుగు రోజుల ముందు, మే 29న, ఒక ఆర్డినెన్సు వచ్చింది. పోలవరం ముంపు కిందికి వచ్చే ఖమ్మం జిల్లా మండలాలను తెలంగాణకు చెందకుండా ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. దాని స్థానంలో తెచ్చిన బిల్లును లోక్‌సభ జులై 11న, శుక్రవారం నాడు, మూజువాణి ఓటుతో ఆమోదించింది. జులై 10న కేంద్ర బడ్జెట్టు పెట్టారు; దేశమంతా దాని లెక్కలలో మునిగి ఉంది. శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం రాజ్యసభ కూడా ఆమోదించింది. తెలంగాణ సభ్యులు, ఒడిశా సభ్యులు గట్టిగా అడ్డుచెప్పినా ఆగలేదు.

మల్కనగిరి జిల్లా దక్షిణపు కొసన మోటు అనే ఊరుంది. శబరి, సీలేరు నదులు కలిసేది అక్కడే. సంతలో, పడవ రేవులో, చుట్టరికాలలో అక్కడ తెలుగే నడుస్తుంది. ఏటికి అవతలి ఒడ్డున ఉన్న చింతూరు మండలం ఆ మే నెల వరకు ఖమ్మం జిల్లా. ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌కు మారి తూర్పు గోదావరి అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. మోటు మనిషి ఒడ్డున నిలబడే ఉన్నాడు, ఎదుటి ఒడ్డు మాత్రం మారిపోయింది. పోలవరం వెనక నీళ్లు శబరిలోకి ఎక్కితే మునిగేది తన ఊరేమోనన్న భయం అతనిది. ఆ ప్రాజెక్టు మీద ఒడిశా 2007 నుంచి సుప్రీంకోర్టులో దావా నడుపుతూనే ఉంది. అటువంటి మనిషికి, తన ఎదుటి ఒడ్డు విషయం పార్లమెంటులో ఫలానా వారం వస్తున్నదని ముందుగా చెప్పినవారు ఎవరు? ఒడియాలోనో తెలుగులోనో ఒక కాగితం ఊరిలో అంటించినవారు ఎవరు? పోలవరం అవసరం గురించి నాకూ తెలుసు. గోదావరి డెల్టా రైతు కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడేంత దూరపువాణ్ణి కాను, మా మేనత్త కుటుంబం అక్కడే ఉంది. నేను అడుగుతున్నది ప్రాజెక్టు వద్దని కాదు. నిర్ణయం వెలువడే వారం ఏదో, ఆ నిర్ణయం మీద పడే మనిషికి తెలియాలని.

ఇక ఏ వారంలోనూ రాని విషయం ఒకటి ఉంది. కొటియా.

కోరాపుట్ జిల్లా పొట్టంగి సమితికీ, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ మధ్య కొండల మీద ఉన్న 21 గ్రామాల తగాదా ఇది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు తేలకుండా మిగిలిన సరిహద్దు. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ముప్పై ఎనిమిదేళ్ల తరవాత, 2006లో, ఈ తగాదాను తేల్చవలసింది పార్లమెంటేనని, అంతవరకు యథాతథ స్థితి కొనసాగాలని కోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కార వ్యాజ్యం వేసింది. ఆ సంవత్సరం నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, ప్రధాన కార్యదర్శులతో సంయుక్త సంఘం వేద్దామని అనుకున్నారు. ఊళ్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

కుందులి సంతకు కొటియా వైపు నుంచి వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు. అల్లం తెచ్చేవాడు. ఒకసారి వానకు ఇద్దరం ఒకే రేకుల కప్పు కింద నిలబడ్డాం. మాటల మధ్య నడుముకు కట్టుకున్న సంచి విప్పి తన కార్డులన్నీ ఒక్కొక్కటిగా తీసి, అల్లం గోనె మీద పేర్చాడు. రెండు రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఒకదాని మీద పేరు ఒడియాలో ఒకలా, మరొకదాని మీద తెలుగులో మరొకలా పడింది. పుట్టిన సంవత్సరాలకు మధ్య కూడా ఆరేళ్ల తేడా ఉంది. "ఇద్దరూ బియ్యమిస్తన్నారు మాస్టారూ, ఇద్దరూ పింఛనిస్తన్నారు. మా నేల ఏ రాష్ట్రమో రాసిచ్చినోడు మాత్రం ఒక్కడూ లేడు" అన్నాడు. తరవాత మళ్లీ అన్నిటినీ వరస తప్పకుండా సంచిలో పెట్టుకున్నాడు. ఎవరు వచ్చి అడిగితే ఏది చూపాలో ఆయన చేతివేళ్లకే తెలుసు.

ఆ ఊళ్లకు లోక్‌సభలో ఇద్దరు సభ్యులున్నట్టు లెక్క. పొట్టంగి కోరాపుట్ లోక్‌సభ స్థానంలోనిది, సాలూరు అరకు స్థానంలోనిది. 2024లో రెండు చోట్లా పోలింగు మే 13నే జరిగింది. ఇద్దరు సభ్యులున్న ఊరి సమస్య సభకు రెండింతలు వేగంగా చేరాలి. జరిగినది వేరు. ఇటువంటి ప్రశ్న వేసినప్పుడు హోంశాఖ ఇచ్చే సమాధానం చాలా కాలంగా ఒక్కటే: అంతర్రాష్ట్ర సరిహద్దు వివాదాలు సంబంధిత రాష్ట్రాల సహకారంతోనే పరిష్కారం కావాలి, కేంద్రం కేవలం సహాయకారి. కోర్టు పార్లమెంటు వైపు చూపింది. పార్లమెంటులో ప్రభుత్వం రాష్ట్రాల వైపు చూపుతున్నది. రాష్ట్రాలు తిరిగి కోర్టుకు వెళుతున్నాయి. పోలవరం ముంపు కిందికి వచ్చే ఏడు మండలాల సరిహద్దును ఆర్డినెన్సు నుంచి ఉభయ సభల ఆమోదం దాకా ఏడు వారాలు తిరగకుండానే మార్చగలిగిన పార్లమెంటుకు ఈ 21 ఊళ్ల కోసం ఒక వారం దొరకలేదంటే, అది అధికారం లేక కాదు. పట్టిక తయారు చేసేవారికి ఆ అవసరం కలగలేదు, కలిగేలా మనమూ చేయలేదు.

మనం అన్నప్పుడు నా ఉద్దేశం సరిహద్దు తెలుగువాళ్లం. మనకు ఢిల్లీ సభలతో దగ్గరి సంబంధం లేదనడానికి వీల్లేదు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఉపరాష్ట్రపతిగా రాజ్యసభకు అధ్యక్షత వహించారు. ప్రధానిగా పనిచేసిన పి.వి. నరసింహారావు 1996లో నంద్యాలతోపాటు బరంపురం నుంచి కూడా గెలిచి, బరంపురాన్నే ఉంచుకున్నారు. ఇక 1999 ఏప్రిల్ 17న దేశమంతా మా కోరాపుట్ పేరు తలచుకొంది. ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదలని గిరిధర్ గమాంగ్ ఆ రోజు విశ్వాస తీర్మానంపై ఓటు వేశారు. ఆ విషయాన్ని ఆయన విచక్షణకే వదిలినది స్పీకరు స్థానంలో ఉన్న మన తెలుగువాడు జి.ఎం.సి. బాలయోగి. 269కి 270తో వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇప్పటికీ ఆ ఉదాహరణే ఇస్తారు. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే బాధ. ఢిల్లీకి మా జిల్లా ఓటు అవసరమైన రోజున జిల్లా గుర్తుకు వచ్చింది. జిల్లాకు ఢిల్లీ సమయం అవసరమైన రోజున ఆ గుర్తింపు లేదు.

రైలు సంగతి కొంత భిన్నం. 2016 వరకు రైల్వే బడ్జెట్టు విడిగా ఉండేది. ఆ రోజు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ఊళ్లలో మధ్యాహ్నం నుంచి రేడియోల దగ్గర, తరవాతి కాలంలో టీవీల దగ్గర జనం గుమిగూడేవారు. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు 1900లో మొదలైన లైను. దాన్ని పెద్ద లైనుగా మార్చే పనికి ఈ ఏడు ఎంత డబ్బు వేశారన్నది ఆ సాయంత్రమే తెలిసేది. గుణుపురానికి పెద్ద రైలు వచ్చినది 2011లో. ఇప్పుడు రైల్వే పద్దు సాధారణ బడ్జెట్టులో ఒక భాగం. చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే గిలెటిన్ కింద ఒకేసారి ఆమోదం పొందుతాయి. రైల్వే పద్దు చర్చకు వచ్చిన సంవత్సరాలలోనూ మా లైను పేరు ఎత్తడానికి మా సభ్యుడికి దొరికేది కొద్ది నిమిషాలే.

అయినా పార్లమెంటు రాసిన ఒక్క వాక్యం మా రాయగడ రైల్వే స్టేషను తలరాతను మార్చింది. పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో, ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రైల్వే జోను ఏర్పాటును ఆరు నెలలలో పరిశీలించాలన్న అంశం ఉంది. అది ఆంధ్రకు ఉద్దేశించినది. ఆ వాక్యం ఆధారంగానే 2019 ఫిబ్రవరి 27న దక్షిణ కోస్తా జోను ప్రకటించారు. విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజనును విడదీయవలసి వచ్చింది. ఒక భాగానికి తూర్పు కోస్తా జోనులోనే రాయగడ కేంద్రంగా కొత్త డివిజను ఇస్తామన్నారు. 2025 జనవరి 6న దానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. మా నాన్న రైల్వేలో పనిచేసిన రోజుల్లో ప్రతి చిన్న కాగితానికీ విశాఖ వెళ్లేవారు. ఇక ఆ కాగితాలు మా ఊరిలోనే తయారవుతాయి. విశాఖవాళ్లు దీన్ని నష్టంగా చూస్తారు, వాళ్ల బాధ కూడా నాకు అర్థమవుతుంది; తరాలుగా ఉన్న డివిజను రెండు ముక్కలైతే ఎవరికైనా బాధే. నేను గమనించమంటున్నది ఒకటే. 2014 ఫిబ్రవరిలో ఆ వారం సభలు గందరగోళంగా ఉన్నాయి. 13వ షెడ్యూలు గురించి రాయగడలో ఎవరూ చదవలేదు, నేనూ చదవలేదు. చదివి ఉంటే ఆనాటినుంచే మేము అడగవలసినవి అడిగి ఉండేవాళ్లం.

ఇదంతా విన్న మిత్రుడొకరు, పర్లాకిమిడిలో వకీలు, నాతో గట్టిగా వాదించారు. "పంచాయతీలో మంచినీటి కుళాయి పడటం లేదు, నువ్వు పార్లమెంటు పట్టిక గురించి మాట్లాడుతున్నావు. మన పిల్లలకు తెలుగు బడి లేకపోవడానికి కారణం ఢిల్లీయా? బ్లాకు కార్యాలయం కాదా?" అని అడిగారు. ఆ మాటలో బలం ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. కాని తెలుగు బడి విషయమే చూడండి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగేలా చూడాలని 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతుంది. అది ఎంతవరకు అమలవుతున్నదో చూడటానికి భాషాపరమైన అల్పసంఖ్యాకుల కమిషనరు ఉండాలని 350బి చెబుతుంది. ఆ కమిషనరు నివేదికలను పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలి. ఉంచుతారు కూడా, ఎన్నో కాగితాల మధ్య ఒక కాగితంగా. దాని మీద చర్చ అడిగే సభ్యుడు ఉంటే, ఒడిశా తెలుగు పిల్లల బడి లెక్క ఆ రోజు సభ రికార్డులోకి ఎక్కుతుంది. ఆ తరవాత బ్లాకు అధికారిని అడగడానికి మన చేతిలో ఒక ఆధారం ఉంటుంది. బ్లాకును అడగడం మానమని నేను అనడం లేదు.

నాకు ఆందోళన కలిగించే మరో సంగతి సభలకు ఉన్న సమయమే తరిగిపోవడం. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంది. పదిహేడవ లోక్‌సభ కూర్చున్నది సగటున 55 రోజులు. పదిహేనవ లోక్‌సభలో 71 శాతం బిల్లులు పార్లమెంటు సభ్యుల సంఘాల పరిశీలనకు వెళితే, పదిహేడవ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతమే. సంఘానికి వెళితే బిల్లు కొన్ని నెలలు ఆగుతుంది. ఆ నెలలలో కోరాపుట్ నుంచి ఒక అర్జీ పంపవచ్చు, సంఘం ముందుకు ఒక మనిషి వెళ్లి నాలుగు మాటలు చెప్పవచ్చు. పెద్ద నగరాల వారికి, పెద్ద సంస్థలకు సభలో తమ గొంతు వినిపించే దారులు చాలా ఉన్నాయి. సరిహద్దు పల్లెకు ఉన్నది ఆ ఒక్క దారి. అదీ ఇరుకయింది.

ఇక శుక్రవారం మధ్యాహ్నం సంగతి. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కాని సభ్యుల, బిల్లులకు, తీర్మానాలకు కేటాయిస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టాలైన బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. అందుకే ఆ సమయానికి చాలామంది సభ్యులు విమానాశ్రయం దారిలో ఉంటారు. నియోజకవర్గానికి వెళ్లడం కూడా వారి పనే, తప్పుపట్టను. కాని బిల్లు చట్టం కాకపోయినా, తీర్మానం మీద చర్చ జరిగితే మంత్రి లేచి సమాధానం చెప్పక తప్పదు. కొటియా మీద కోరాపుట్ సభ్యుడు ఒక తీర్మానం పెట్టి, అరకు సభ్యుడు దాన్ని సమర్థిస్తూ మాట్లాడితే, రెండు రాష్ట్రాల మధ్య తగాదాగా కనిపిస్తున్నది ఆ 21 ఊళ్ల మనుషుల సమస్యగా మొదటిసారి సభకు కనిపిస్తుంది. ఏ రాష్ట్రానికి చెందాలన్నది తరవాతి మాట. ముందుగా ఆ ముసలాయన సంచిలోని కార్డుల సంగతి అక్కడ వినిపించాలి.

నేను కోరుతున్నవి పెద్ద మార్పులేమీ కావు. ఒక రాష్ట్రం సరిహద్దునో, తెగల జాబితానో, నదీజలాలనో మార్చే బిల్లు ఏదైనా, కనీసం అంతకుముందు శుక్రవారం చదివిన పట్టికలో లేకుండా సభ ముందుకు రాకూడదు. ఆ పట్టికలో అటువంటి బిల్లు పేరు పడిన సాయంత్రమే, దాని సారాంశం ఆ జిల్లా భాషలలో జిల్లా యంత్రాంగానికి చేరాలి, గ్రామ పంచాయతీ గోడ మీద కనిపించాలి. మల్కనగిరికి ఒడియా ఒక్కటే చాలదు, తెలుగు కావాలి, కోయ కావాలి. ఆదివారం లోపల గ్రామసభ కూర్చుని తన మాట చెబితే, అది సోమవారానికి సభ్యుడి చేతిలో ఉండాలి. పాస్‌పోర్టు పని ఫోనులో జరిగిపోతున్న రోజులలో ఇది జరగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు కావాలి. లోక్‌సభలో హోంశాఖ ప్రశ్నలకు మంగళవారం, రైల్వే ప్రశ్నలకు బుధవారం సమాధానాలు వస్తుంటాయి. ఏ తేదీకి ఏ శాఖ అన్నది సమావేశాలు మొదలవక ముందే ప్రకటిస్తారు. దాన్ని చూసుకొని, ఏ రోజుకు ఏ ప్రశ్న వేయించాలో మనమే లెక్క కట్టి, ప్రశ్నను సిద్ధంగా రాసి సభ్యుడికి ఇవ్వవచ్చు. నేను ఇప్పటివరకు అలా పదకొండు ప్రశ్నలు రాసి ఇచ్చాను. మూడు సభలోకి వెళ్లాయి. మూడింటికీ లిఖితపూర్వక సమాధానాలు వచ్చాయి. ఒకటి గుణుపురం నుంచి తేరుబలి దాకా వేయవలసిన లైను గురించి. ఆ లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. నా ప్రశ్న వల్ల వచ్చిందని అనను, దశాబ్దాలుగా ఎంతోమంది అడిగిన లైను అది. సమాధానం కాగితాన్ని మాత్రం గుణుపురం స్టేషను దగ్గర టీ కొట్టులో అంటిస్తే, వారం రోజులపాటు జనం నిలబడి చదివారు.

పెద్దపిల్ల ఈ మధ్య తన కొడుకును ఎత్తుకొని మా ఇంటికి వచ్చింది. వాడికి ధ్రువపత్రం ఎలా తీసుకోవాలో అడిగింది. భర్తది సాలూరు వైపు, కాపురం పొట్టంగి దగ్గర. పిల్లవాడు ఏ రాష్ట్రపు జాబితా కింద దరఖాస్తు పెట్టాలన్నది ఆమె సందేహం. ఒక రాష్ట్రంలోని తెగవాడు మరొక రాష్ట్రానికి మారితే ఆ గుర్తింపు వెంట రాదన్నది ఇప్పటి నియమం. పుట్టిన ఊరు, తండ్రి ఊరు, ఏది ఎటువైపో తేల్చుకొని రాయాలి. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. అదే బల్ల మీద రెండో కాగితం తీసి, సంబంధిత శాఖకు వేయవలసిన ప్రశ్న కూడా రాశాను: సరిహద్దుకు రెండు వైపులా ఒకే తెగకు చెందిన తల్లిదండ్రులున్న పిల్లలకు ధ్రువపత్రం ఏ రాష్ట్రం ఇవ్వాలి, అందుకు స్పష్టమైన ఉత్తర్వు ఉందా, లేకపోతే ఎప్పటికి ఇస్తారు? వచ్చే సమావేశాల తేదీలు ప్రకటించగానే అది కోరాపుట్ సభ్యుడికి ఒక ప్రతి, అరకు సభ్యుడికి ఒక ప్రతి వెళుతుంది.